చర్చ: ఇంట్లో రెండు పెద్ద పిల్లులు, కొత్తగా కూన వచ్చింది. బుసలు ఆగట్లేదు

మిరియాలమ్మ:
మావి రెండు. మిరియం (ఆడది, 5 ఏళ్ళు), గుండు (మగ, 3). రెంటికీ ఆపరేషన్లు అయ్యాయి. మొన్న వానలో స్కూటర్ కింద దొరికిన కూనని తెచ్చా, రెండు నెలలుంటాయేమో. హాల్లో దింపానో లేదో, మిరియం తోక సీసాలు కడిగే బ్రష్షులా ఉబ్బించి బుస్సుమంది. అప్పట్నుంచి ఫ్రిజ్ మీదే కాపురం. గుండు వాసన చూసి వెళ్ళిపోయాడు. నిన్నటి నుంచి మిరియం నా మీద కూడా గుర్రుమంటోంది. ఏం చెయ్యను?

రెండోబాల్కనీ:
నేరుగా హాల్లో దింపకుండా ఉండాల్సిందండి. ఇప్పుడైనా కూనని ఒక గదిలో పెట్టి తలుపేయండి. తిండి, నీళ్ళు, లిట్టర్ ట్రే (ఒంటికి, రెంటికి వెళ్ళే ఇసుక ట్రే) అన్నీ లోపలే. రెండు వారాలు. అలక సంగతి తర్వాత, ముందు జబ్బుల భయం. వీధి కూనకి పాన్‌ల్యూకోపీనియా (పిల్లుల ప్రాణం తీసే వైరస్ జబ్బు) ఉంటే బయటపడటానికి వారం పది రోజులు పట్టొచ్చు. మేం నాలుగో రోజే కలిపేశాం. ఆరో రోజుకి వాంతులు, విరేచనాలు, కూన దక్కలేదు. పెద్దదానికి టీకాలుండబట్టి బతికిపోయింది. ఆ వైరస్ ఏడాది దాకా ఇంట్లో బతకగలదు, మామూలు సబ్బుకి చావదు, బ్లీచింగే గతి. ఫినాయిల్ మాత్రం వాడకండి. పిల్లులు పాదాలు నాక్కుంటాయి, అది వాటికి విషం.

బీచ్‌రోడ్‌బ్రో:
ఇంత హడావిడా? మా అమ్మమ్మగారింట్లో ఎన్ని పిల్లులొచ్చాయో, ఎవరూ పరిచయాలు చెయ్యలేదు. రెండ్రోజులు కొట్టుకుని అవే సర్దుకున్నాయి.

రెండోబాల్కనీ:
అమ్మమ్మగారింటికి పెరడుంది, అటకుంది బ్రో. పడకపోతే గోడ దూకి పోయేది. ఫ్లాట్‌లో ఎక్కడికి పోతుంది, ఫ్రిజ్ మీదకేగా!

పాతబనియను:
వాసనతో మొదలుపెట్టండి అక్కా. మెత్తటి గుడ్డతో కూన బుగ్గలు తుడిచి, మిరియం గిన్నెకి మూరెడు దూరంలో పడెయ్యండి. మిరియాన్ని తుడిచిన గుడ్డ కూన గదిలో. ఆ గుడ్డని పట్టించుకోకుండా తిన్న రోజున, మూసిన తలుపుకి అటో గిన్నె ఇటో గిన్నె పెట్టండి. మేం రోజుకో జానెడు దగ్గరికి జరిపాం. తర్వాత దోమల జాలి తలుపులోంచి చూపించాం (స్టీలు జాలి అయితేనే, నైలాన్‌ది గోళ్ళకి రెండ్రోజులాగదు). ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన చికెన్ ఆ జాలి దగ్గర తప్ప ఇంకెక్కడా పెట్టలేదు. వారం తిరక్కుండా మా ముసల్ది టైముకి జాలి దగ్గరికొచ్చి కూర్చునేది. మాకు 5 వారాలు పట్టింది. చెవులు వెనక్కి అణిచిందంటే ఒక మెట్టు వెనక్కి వెళ్ళిపోండి.

దివాన్‌బాధితుడు:
ట్రేలు ఎన్ని ఉన్నాయి? పిల్లులెన్నో అంతకి ఒకటి ఎక్కువుండాలి, మీకు నాలుగు. మాకు రెండే ఉండేసరికి పెద్దది దివాన్ మీద పోసేది, మేమేమో పొగరనుకున్నాం. ఆ పరుపు ఎండబెట్టే బాధ పగవాడికి కూడా వద్దు. ఇంకోటి, బుసకొడితే తిట్టకండి, నీళ్ళు చల్లకండి. కూన వల్లే తిట్లు పడుతున్నాయని దాని మీద ఇంకా కక్ష కడుతుంది.

మిరియాలమ్మ:
19వ రోజు. నులిపురుగుల మందు, మొదటి టీకా అయ్యాయి. కూన పేరు ఆవగింజ. నిన్న జాలి కింది సందులోంచి ఆవగింజ చెయ్యి బయటపెడితే మిరియం ఒక్కటిచ్చింది, గోళ్ళు బయటికి తియ్యకుండా. తర్వాత అక్కడే జాలికి వీపానించి పడుకుంది. తలుపు ఇంకా తియ్యలేదు. గుండుగాడు మాత్రం ఆవగింజ తిండి కోసం పొద్దస్తమానం ఆ తలుపు గీరుతున్నాడు. వీణ్ణెలా ఆపాలో చెప్పండి.