‘కృతిః స్వర్ణయోః స్వం’: ఇందులో బంగారం ఉందా?

కావలి నుంచి ప్రశ్న:
పదో తరగతికి వర్గ సమీకరణాలు చెబుతున్నాను. సూత్రంలో ‘ప్లస్ ఆర్ మైనస్’ ఎందుకు వస్తుందో భాస్కరాచార్యుని బీజగణితంలోని ఈ రెండు పాదాలు చెబుతాయట. పదవిభాగం, అర్థం ఎవరైనా వివరించగలరా?

కృతిః స్వర్ణయోః స్వం స్వమూలే ధనర్ణే
న మూలం క్షయస్యాస్తి తస్యాకృతిత్వాత్

‘స్వర్ణయోః’ అంటే బంగారమా? చివరి మాటలో ‘ఆకృతి’ అంటే రూపమా? అలా అన్వయిస్తే లెక్క కుదరడం లేదు.

ఒంగోలు నుంచి:
బంగారం కాదు మాస్టారూ, గుణసంధి. స్వ + ఋణ కలిసి స్వర్ణ అయింది, మహా + ఋషి మహర్షి అయినట్టు. స్వం అంటే సొంత సొమ్ము, అంటే ధనం. లెక్కల్లో కృతి అంటే వర్గం. ధన సంఖ్యను వర్గం చేసినా, ఋణ సంఖ్యను వర్గం చేసినా వచ్చేది ధనమే. ఆ ధనానికి మూలాలు రెండు: ఒకటి ధనం, ఒకటి ఋణం.

‘మూలే’, ‘ధనర్ణే’ అన్నచోట ఆగి చూడండి. అవి సప్తమి కాదు, ద్వివచనం. తెలుగులో ద్వివచనం లేదు కనుక మనం ‘రెండు’ అని వేరే చెప్పుకోవాలి. సంస్కృతంలో ఆ చివరి ఏత్వమే మీ ‘ప్లస్ ఆర్ మైనస్’ గుర్తు! ఈ పాదం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

రెండో పాదంలో ఆకృతి లేదు, అకృతి ఉంది. తస్య + అకృతిత్వాత్, సవర్ణదీర్ఘం. క్షయం అంటే ఋణం. ఋణానికి మూలం లేదు, అది వర్గం కాదు కనుక.

నెల్లూరు నుంచి:
పై వివరణకు మన పక్క లెక్క ఒకటి. రొయ్యల గుంట పొడవు వెడల్పు కంటే 20 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 2,400 చదరపు మీటర్లు. వెడల్పు ఎంత? వెడల్పు వర్గానికి 20 వెడల్పులు కలిపితే 2,400.

దీన్ని ప్రాచీన గణితవేత్త శ్రీధరాచార్యుని పద్ధతిలో చేయించండి. ‘చతురాహతవర్గసమై రూపైః పక్షద్వయం గుణయేత్’ అన్నాడాయన. వర్గపదం గుణకాన్ని నాలుగుతో హెచ్చించి, దానితో రెండు పక్షాలనూ గుణించమని. ఇక్కడ గుణకం 1 కనుక 4తో గుణిస్తాం, కుడివైపు 9,600. తర్వాత 20 వర్గం 400 రెండు వైపులా కలిపితే ఎడమవైపు (2 వెడల్పులు + 20) వర్గం, కుడివైపు 10,000. మూలం 100 లేదా −100. వెడల్పు 40 లేదా −60. సమీకరణానికి రెండూ మూలాలే, గుంటకు 40 మాత్రమే. పిల్లలు వల్లించే ‘బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఎ సి’లో ఆ నాలుగు ఎక్కడిదో ఇక్కడ కంటికి కనబడుతుంది. సూత్రం కంటే ముందు ఇది చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

ఒంగోలు నుంచి:
చాలా బాగుంది. రెండో పాదానికీ గుంటే వాడవచ్చు. చుట్టుకొలత 160 మీటర్లు, వైశాల్యం 2,000 చదరపు మీటర్లు కావాలంటే? పొడవు, వెడల్పుల మొత్తం 80. విచక్షణి, అంటే ఆ ‘బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఎ సి’, 6,400 − 8,000 = −1,600. న మూలం క్షయస్యాస్తి. ఆ చుట్టుకొలతకు నలుచదరంగా తవ్వినా వైశాల్యం 1,600 చదరపు మీటర్లు దాటదు.

కావలి నుంచి:
ధన్యవాదాలండీ. ఇంటర్‌లో సంకీర్ణ సంఖ్యలతో ఋణానికీ మూలం చెబుతారు కదా, అప్పుడీ పాదం తప్పవుతుందా?

ఒంగోలు నుంచి:
కాదండీ. వాస్తవ సంఖ్యల్లో అది నేటికీ నిజమే, పదో తరగతి పుస్తకమూ ‘వాస్తవ మూలాలు లేవు’ అనే అంటుంది. అన్నట్టు, ఈ శ్లోకం ఛందస్సు భుజంగప్రయాతం, పాదానికి నాలుగు యగణాలు. తరగతిలో రాగయుక్తంగా చదివించండి.