హ్యాంగ్ అవుతున్న సిస్టమ్‌కు మొదటి మందు ఫార్మాటేనా?

మిర్యాలగూడ నుంచి:
ఇంట్ల 2014ల కొన్న డెస్క్‌టాప్ ఉంది. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. నెల రోజుల సంది హ్యాంగ్ అయితుంది. ఆన్ చేసిన పావుగంటకు మౌస్ బాణం కదులుతది గని ఏం నొక్కినా తెరుచుకోదు. నిన్న పొద్దుగాల మూలకున్న టైము 7:42 కాడ ఆగితే మా గోడ గడియారంల 7:50 అయింది. సీపీయూ డబ్బా ముందున్న ఎర్ర లైటు ఆరకుండ వెలుగుతనే ఉంటది. ఒక్కోసారి తనంతట తనే తేరుకుంటది, లేకపోతే బటన్ ఒత్తి పట్టుకొని ఆపుడే. ఇక్కడొక షాపుకు రెండుసార్లు తీసుకపోయిన, రెండుసార్లు ఫార్మాట్ కొట్టి, అంటే సీ డ్రైవ్ మొత్తం తుడిచి విండోస్ మళ్ల ఎక్కించి ఇచ్చిన్రు. నాలుగు రోజులు మంచిగ నడిచి మళ్ల మొదటికే వచ్చింది. ఇప్పుడు మూడోసారి కొడదాం అంటున్నరు. కొట్టించాల్నా, వద్దా? డీ డ్రైవ్‌ల మా బాపు ఫోటోలున్నయి. ఆయన పోయినేడు కాలం చేసిండు. పొలం కాగితాల స్కానింగులు గూడ అండ్లనే. ఇంకో కాపీ లేదు.

మహబూబ్‌నగర్, రిపేర్ షాపు:
పదిహేనేండ్ల సంది ఇదే పని చేస్తున్న. ఫార్మాట్ అనంగనే మెకానిక్‌ను దొంగలెక్క చూసుడు నాకు నచ్చదు. 4 జీబీ ర్యామ్ మీద విండోస్ 10, అది గూడ పాత హార్డ్ డిస్క్ మీద అంటే, మనం ఏం తెరవకముందే టాస్క్ మేనేజర్ల డిస్క్ 100% చూపిస్తది. దానికి తోడు రెండు యాంటీవైరస్‌లు, పిల్లలు ఎక్కించిన గేములు, క్రోమ్‌ల ఇరవై ట్యాబులు. వీటన్నిటిల తప్పు ఎక్కడున్నదో వెతకాలంటే రెండు రోజులు పడ్తది. ఫార్మాట్ కొడితే గంటన్నరల సాఫ్ట్‌వేర్ మీద అనుమానం తీరిపోతది. ఆ తర్వాత గూడ ఆగితే హార్డ్‌వేర్ చూడాలె. నా వరుస ఇది.

దేవరకొండ, స్కూల్ కంప్యూటర్ ల్యాబ్:
తమ్మీ, నీ వరుస ప్రకారమే చూద్దాం. మొదటి ఫార్మాట్ తర్వాత నాలుగు రోజులకే మళ్ల ఆగింది కదా, అంటే సాఫ్ట్‌వేర్ అనుమానం అప్పుడే తీరాలె. రెండోసారి ఎందుకు కొట్టినట్టు? మూడోసారి ఎందుకు అడుగుతున్నట్టు?

షాపుల విండోస్ ఎక్కించేటప్పుడు కొట్టేది క్విక్ ఫార్మాట్. అది డిస్క్‌ను చదివి చూడదు, ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టీ మాత్రం తుడిచి కొత్తది రాస్తది. పాడైన జాగా అట్లనే ఉంటది. కొత్త విండోస్ ఫైళ్లు వేరే చోట పడితే నాలుగు రోజులు హాయిగ నడుస్తది. మళ్ల ఆ పాడు జాగ మీదికి పోంగనే, డిస్క్ అదే ముక్కను చదవలేక మళ్ల మళ్ల ప్రయత్నిస్తుంటది, సిస్టమంత దానికోసం ఆగి చూస్తుంటది. డిస్క్ పని చేస్తున్నదని చూపే ఆ ఎర్ర లైటు ఆరకుండ వెలిగేది అందుకే.

మిర్యాలగూడ అన్నా, మళ్ల ఆగినప్పుడు కీబోర్డు మీద క్యాప్స్‌లాక్ నొక్కు. దాని లైటు వెలిగి ఆరితే సిస్టమ్ పూర్తిగ చావలేదు, దేనికోసమో ఎదురుచూస్తుంది. లైటు కదలకపోతే ర్యామ్, బోర్డు, లోపల కరెంటు ఇచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా వైపు చూడాలె. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని డిస్క్ ఆరోగ్యం చూపే సాఫ్ట్‌వేర్ ఉచితంగ దొరుకుతది, అది వేసి 05 (పాడై బదులు జాగాకు మార్చినయి), సీ5 (చదవలేక ఆగినయి), సీ7 (డేటా వచ్చే దారిల తప్పులు) అనే మూడు వరుసలు చూసి చెప్పు. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ కన్నా ముందు కేబుల్‌ను అనుమానించాలె, కేబుల్ మారిస్తే సరిపోవచ్చు.

నల్గొండ, ప్రకాశం బజార్ దగ్గర:
నాది రెండో రకం. ఆగితే క్యాప్స్‌లాక్ లైటు గూడ కదిలేది కాదు, బొమ్మ అట్లనే గడ్డకట్టినట్టు ఉండేది. నాకు గూడ ముందుగాల ఫార్మాటే కొట్టిన్రు, ఇంట్ల డేటా ఎంట్రీ చేసుకునే ఫైళ్లన్ని పోయినయి. ఆఖరికి మా తమ్ముడు కరెంటు ప్లగ్గు తీసి, ర్యామ్ బయటికి గుంజి, బంగారు రంగు పండ్లను పిల్లల రబ్బరుతోని రుద్ది, తుడిచి మళ్ల పెట్టిండు. ఏడాదైంది, ఒక్కసారి ఆగలే. పైస ఖర్చు లేని పనికి నేను ఫైళ్లు పోగొట్టుకున్న. అన్నా, డిస్క్ అయితే దాంట్ల తప్పులు వెతికే చెక్‌డిస్క్ కమాండు వేసి చూడరాదు?

దేవరకొండ:
అక్కా, ఫోటోలు బయటికి రాకముందు అది వద్దు. చెక్‌డిస్క్‌కు ఆర్ పెడితే డిస్క్ మొత్తాన్ని మూల మూలకు చదువుతది. చావు బతుకుల మీదున్న డిస్క్‌తోని అంత బరువు మోయించొద్దు.

మహబూబ్‌నగర్:
దుమ్ము గూడ మరవకున్రి. మిర్యాలగూడ అంటే చుట్టు రైసుమిల్లులు, ఊక దుమ్ము. ఆ దిక్కు నుంచి వచ్చిన డబ్బా తెరిస్తే ప్రాసెసర్ ఫ్యాన్ కింద బూడిదరంగు దుప్పటి పరిచినట్టు ఉంటది. మే నెలల 44 డిగ్రీల ఎండకు గాలి ఆడక ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటది, ఇంకా వేడైతే సిస్టమ్ టక్కున ఆరిపోతది. కాని ఈ అన్న చెప్పిన లైటు, ఆగి మళ్ల తేరుకునుడు వేడి లక్షణం లెక్క లేవు, అది నేనూ ఒప్పుకుంట.

మిర్యాలగూడ:
చూసిన. క్యాప్స్‌లాక్ లైటు ఆలస్యంగ అయినా వెలుగుతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోల పసుపు డబ్బ పడ్డది. సీ5 ఎదురుగ చివర 1ఏ8 అని ఉంది. సీ7 సున్న.

దేవరకొండ:
ఆ అంకె పదికి బదులు పదహారు మీద నడిచే లెక్కల (హెక్సాడెసిమల్) ఉంటది. మన లెక్కల 424. డిస్క్ చదవలేక పక్కకు పెట్టుకున్న జాగాలు అన్ని ఉన్నయి. ఇంక ఆ విండోస్ తెరవకు. వేరే సిస్టమ్‌ల ఉబుంటు (విండోస్ లెక్కనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ చేసుకొని, దాన్నుంచి బూట్ చేసి, ‘ట్రై’ అన్నది ఒత్తు, ‘ఇన్‌స్టాల్’ ఒత్తకు. ముందు బాపు ఫోల్డర్, తర్వాత పొలం కాగితాలు, మిగిలినయి ఆఖరికి.

మహబూబ్‌నగర్ తమ్మీ, ఈ చూసుడు పది నిమిషాల పని. ఆ షాపుల మొదటి రోజే ఎందుకు చేయలే? నాకు కోపం వచ్చేది ఇక్కడనే.

మహబూబ్‌నగర్:
ఎందుకో చెప్త సార్. చూసినందుకు పైసలు ఎవ్వరియ్యరు. ‘డిస్క్ ఖరాబైంది, కొత్తది వేసుకోవాలె’ అంటే ‘అంటగడుతున్నవ్’ అని సీపీయూ ఎత్తుకొని పక్క షాపుకు పోతరు. ఫార్మాట్ కొడితే తెర మీద కొత్త విండోస్ కనవడ్తది, పైసలిస్తరు. కనవడే పనికే కూలి ఉంది మాకు. అది తప్పు కాదు అంటలేను. పదిహేనేండ్లల నేనూ ఎన్నోసార్లు అట్లనే చేసిన. డేటా అడగకుండ మాత్రం ఏనాడూ కొట్టలే.

దేవరకొండ:
అయితే చూసిన దానికే రేటు గోడ మీద రాసి పెట్టు. ర్యామ్ చూసిన, డిస్క్ చూసిన, వేడి చూసిన అని కాగితం మీద రాసియ్యి. నేనైతే సంతోషంగ ఇస్త.

నల్గొండ:
నేనూ ఇస్తుంటి.

మిర్యాలగూడ:
రాత్రి రెండు దాక కూసున్న. పొలం కాగితాలన్ని వచ్చినయి. బాపు ఫోల్డర్ల పదకొండు ఫోటోలు తప్ప అన్ని వచ్చినయి. ఆ పదకొండిట్ల ఒకటి బాపు మిల్లు ముందర సైకిల్ పట్టుకొని నిలబడ్డది. రెండో ఫార్మాట్‌కు తీసుకపోయే ముందురోజు దాన్ని నేను తెరిచి చూసిన, అప్పుడు మంచిగనే ఉండె. సిస్టమ్‌కు పాత డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (వేగంగ నడిచే కొత్త రకం డిస్క్) వేయిద్దామనుకుంటున్న, లేకపోతే కొత్తదే కొనాల్నా?

దేవరకొండ:
విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తోని అయిపోయింది. మీ ఐ3 విండోస్ 11కు పనికిరాదు. ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే ఇంటి పనికి ఇంకొన్నేండ్లు వస్తది. పోయేది తక్కువ.

మహబూబ్‌నగర్:
అన్నా, అదంత తర్వాత. ఆ పాత డిస్క్‌ను ఇంక ఆన్ చేయకు, విప్పి బట్టల చుట్టి పెట్టు. నా దగ్గరికి తీసుకరా. డీడీరెస్క్యూ అని ఒకటుంది, మంచి జాగాలన్ని ముందు గుంజుకొని, చదవరాని వాటికోసం తర్వాత మళ్ల మళ్ల తిరుగుతది. రాత్రంత పెట్టి చూస్త. పదకొండూ వస్తయని మాటియ్యలేను. వచ్చినా రాకపోయినా చూసిన కూలి మాత్రం తీసుకుంట, ఏం చూసిన్నో కాగితం మీద రాసిస్త.

మిర్యాలగూడ:
శనివారం పొద్దుగాల బస్సుకు వస్త.