హార్మోన్ చికిత్స, రొమ్ము క్యాన్సర్ భయం: వాడినవాళ్లు, వద్దనుకున్నవాళ్లు చెప్పండి

వసంత:
నాకు 51 ఏళ్లు. నెలసరి ఆగి ఏడాది దాటింది. గర్భసంచి ఉంది. పగళ్లు ఎలాగో నెట్టుకొస్తున్నాను కానీ రాత్రులు గడవడం లేదు. నిద్రలో ఉన్నట్టుండి ఛాతీ నుంచి మెడ మీదికి, చెవుల దాకా వేడి ఆవిరి పాకుతుంది. దుప్పటి తన్నేస్తాను, జుట్టు కుదుళ్లు తడిసిపోతాయి, కాసేపటికే చలి పుట్టి మళ్లీ అదే దుప్పటి లాక్కుంటాను. ఆఫీసులో మాట్లాడుతూ మాట్లాడుతూ మనుషుల పేర్లు మరచిపోతున్నాను. డాక్టరు గారు హార్మోన్ చికిత్స మొదలుపెడదామన్నారు. మా అక్కతో చెబితే ఒకటే మాట, "క్యాన్సర్‌ను కొనితెచ్చుకుంటావా?" అని. మా పిన్నికి డెబ్బై దాటాక రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అందుకే మందుల చీటీ ఇంకా సంచిలోనే ఉంది. భయపడకు అని ధైర్యం చెప్పేవాళ్లు ఇంట్లో ఉన్నారు. నాకు వివరాలు కావాలి.

హైమావతి:
వసంతా, మీ అక్కగారి భయం గాలిలోంచి పుట్టింది కాదు. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధన జరిగింది. అందులో 16,608 మంది ఆడవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఈస్ట్రోజెన్ (నెలసరి ఆగాక ఒంట్లో తగ్గిపోయే ఆడ హార్మోను), ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ అనే ఇంకో ఆడ హార్మోనులా పనిచేసే మందు) కలిసిన మాత్ర, రెండో గుంపుకు మందు లేని మాత్ర ఇచ్చారు. 2002 జులైలో ఆ భాగాన్ని గడువుకు ముందే ఆపేశారు. హార్మోన్లు వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ 26 శాతం ఎక్కువని తేలింది. గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం కూడా పెరిగాయి. వార్తల్లో ఆ 26 శాతమే మోగిపోయింది, రాత్రికి రాత్రి ఎంతోమంది మాత్రలు మానేశారు.

అదే లెక్కను మనుషుల్లో చెప్పుకుందాం. పదివేల మంది మందు లేని మాత్ర వేసుకుంటే ఏడాదికి 30 మందికి క్యాన్సర్ వచ్చింది, హార్మోన్లు వేసుకుంటే 38 మందికి. అంటే ఎనిమిది మంది ఎక్కువ. ఆ ఎనిమిది మందిని లెక్కలోంచి కొట్టేయమని నేను అనడం లేదు. కానీ 26 శాతం అని విన్నప్పుడు మన గుండెల్లో పడే రాయి వేరు, ఈ లెక్క వేరు. ఇంకో సంగతి, ఆ పరిశోధనలో చేరినవాళ్ల సగటు వయసు 63. మీలా నెలసరి ఆగిన కొత్తలో, వేడి ఆవిర్లు భరించలేక వచ్చినవాళ్లు అందులో తక్కువ.

సరళ:
నాకు ఫైబ్రాయిడ్లు అనే గడ్డల వల్ల గర్భసంచి తీసేశారు. అందుకని ఈస్ట్రోజెన్ ఒక్కటే, అదీ ప్యాచ్ రూపంలో. నడుము కింద అంటించుకుంటాను, వారానికి రెండుసార్లు మారుస్తాను. స్నానం తర్వాత అంచులు లేస్తుంటాయి, పీకేశాక చర్మం మీద జిగురు నలుచదరంగా మిగులుతుంది, కాస్త నూనె రాస్తే పోతుంది. ఇబ్బంది అంతే. వేడి ఆవిర్లు కొద్ది వారాల్లోనే తగ్గాయి.

హైమావతి గారు చెప్పిన పరిశోధనలోనే గర్భసంచి లేనివాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగం ఉంది, 10,739 మంది. పక్షవాతం పెరిగిందని 2004లో దాన్నీ ఆపారు, కానీ రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు. ఇరవై ఏళ్ల గమనింపు ఫలితాలు 2020లో వచ్చాయి. వాళ్లలో రొమ్ము క్యాన్సర్, దానివల్ల మరణాలు మందు లేని మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా తక్కువగానే ఉన్నాయి. హార్మోన్ అంటేనే క్యాన్సర్ అనుకునేవాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

హైమావతి:
సరళా, నీ మాట నిజమే, కానీ అక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 58 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. 50 ఏళ్లప్పుడు మొదలుపెట్టి అయిదేళ్లు వాడితే, తర్వాతి ఇరవై ఏళ్లలో ఎంతమందికి అదనంగా వస్తుందన్నది ప్రశ్న. రెండు హార్మోన్లూ రోజూ వాడితే 50 మందిలో ఒకరికి, ప్రొజెస్టిన్ నెలలో కొన్ని రోజులే వాడితే 70 మందిలో ఒకరికి, ఈస్ట్రోజెన్ ఒక్కటే అయితే 200 మందిలో ఒకరికి అని వచ్చింది. అంటే అందులో ఈస్ట్రోజెన్‌కూ కొద్దిగా ముప్పు కనిపించింది. ఏడాది లోపు వాడి మానేస్తే తేడా దాదాపు లేదు. ఎక్కువ ఏళ్లు వాడినకొద్దీ ముప్పు పెరుగుతుంది, మానేశాక కూడా కొంత మిగిలే ఉంటుంది. యోనిలో పెట్టుకునే ఈస్ట్రోజెన్ క్రీముల వల్ల మాత్రం ముప్పు పెరగలేదు.

వసంతా, ఇదంతా చూసి నువ్వు ఈస్ట్రోజెన్ ఒక్కటే అడగవద్దు. గర్భసంచి ఉన్నవాళ్లు అలా వాడితే లోపలి పొర మందంగా పెరిగి గర్భాశయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. ప్రొజెస్టిరాన్‌ను జతచేసేది ఆ పొరను కాపాడటానికే.

భారతి:
మా అమ్మ, అమ్మమ్మ ఏ మందూ లేకుండా ఈ వయసు దాటారు. ప్రకృతి ఆపిన దాన్ని మళ్లీ మాత్రలతో నడిపించడం ఎందుకు? కొన్నేళ్లు ఓర్చుకుంటే అదే పోతుంది.

కాత్యాయని:
భారతి గారూ, నాకు నెలసరి 37 ఏళ్లకే ఆగిపోయింది. నన్నూ ఓర్చుకోమనే అన్నారు. అంత చిన్న వయసులో ఈస్ట్రోజెన్ లేకపోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అందుకే మాలాంటివాళ్లు మామూలుగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా, అంటే దాదాపు 50, 51 దాకా, హార్మోన్లు వాడాలని వైద్యులు గట్టిగా చెబుతారు. నా ఈడు ఆడవాళ్ల ఒంట్లో సహజంగా ఉన్నదే నాకు మందుగా అందుతోంది. నా ఎముకల పరీక్ష కాగితం చూసిన రోజు నుంచి ఓర్పు అనే మాట నాకు మింగుడుపడదు. మీ అమ్మగారు ఓర్చుకున్నారు సరే, ఎంత బాధపడ్డారో ఎవరైనా అడిగారా?

భారతి:
అడగలేదు, కాత్యాయని గారూ. రేపు అమ్మనే అడుగుతాను.

రాధిక:
ఇది చదివేవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటారని రాస్తున్నాను. నాది ఈస్ట్రోజెన్‌కు స్పందించే రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి, ఇప్పుడు రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ అనే మందు వాడుతున్నాను. దానివల్ల ఆవిర్లు రెట్టింపయ్యాయి. మావాళ్లకు హార్మోన్ మాత్రలు ఇవ్వరు. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు ఇచ్చి చూసిన హాబిట్స్ అనే పరిశోధనలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువైంది, 2003లో దాన్ని ఆపేశారు. సరళ గారి ప్యాచ్ కథ చదివినప్పుడు నాకు కడుపులో మండింది, దాచుకోను.

మాకూ దారులు ఉన్నాయి. వెన్లాఫాక్సిన్ అనే మందు నాకు కొంత పనిచేసింది. ఒక జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను: టామాక్సిఫెన్ వాడేవాళ్లు ఆవిర్లకని పారాక్సిటిన్ వేసుకోవద్దు. టామాక్సిఫెన్‌ను పనిచేసే రూపంలోకి మార్చే కాలేయ ఎంజైమును అది అడ్డుకుంటుంది. ఒక డాక్టరు రాసింది ఇంకొకరికి తెలియకపోతే ఇలాంటివి దొర్లిపోతాయి, అందుకే నేను మందుల జాబితా ఎప్పుడూ వెంటే ఉంచుకుంటాను. ఫెజోలినెటాంట్ అని హార్మోన్ కాని మందు ఒకటి 2023లో అమెరికాలో అనుమతి పొందింది. మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే చోట పనిచేస్తుంది, కాలేయ పరీక్షలు మాత్రం చేయించుకుంటూ ఉండాలి. అది మాకు పనికొస్తుందా అన్నది మీ ఆంకాలజిస్టునే (క్యాన్సర్ డాక్టరునే) అడగండి.

సరళ:
రాధికా, నువ్వు దాచుకోకుండా రాసినందుకు నాకు కోపం లేదమ్మా. ఆవిర్లకు ప్రత్యేకంగా కౌన్సెలింగ్ ఉంటుంది, ఆలోచనల తీరును మార్చేది. మా చెల్లెలు వెళ్లింది. ఆవిర్ల లెక్క అంతగా తగ్గలేదు కానీ వాటివల్ల పడే అవస్థ, నిద్ర చెడిపోవడం తగ్గాయి.

సరోజ:
నేను రెండు హార్మోన్లూ వాడుతున్నాను. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీశాక మళ్లీ రమ్మని ఫోన్ వచ్చింది. చీటీ పట్టుకుని బయట కూర్చున్నప్పుడు మీ అక్క మాటలే నా చెవుల్లోనూ మోగాయి, వసంతా. ఇంకో రెండు ఫోటోలు తీసి, సూదితో ముక్క తీసి పరీక్షించారు, ఏమీ లేదు. ఈ మందు రొమ్ము కణజాలాన్ని దట్టం చేస్తుంది, దాంతో ఫోటోలో స్పష్టత తగ్గి అనుమానాలు ఎక్కువ వస్తాయి. నాకు ఇది ముందే చెప్పి ఉంటే ఆ వారం అన్నం సహించేది. మామోగ్రామ్ చేయించుకునేటప్పుడు హార్మోన్లు వాడుతున్న సంగతి తప్పక చెప్పండి.

వసంత:
అందరికీ నమస్కారాలు. మళ్లీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, మీరు రాసినవి కాగితం మీద పెట్టుకుని అడిగాను. పిన్నిది డెబ్బై దాటాక వచ్చింది, అమ్మకు గానీ అక్కకు గానీ లేదు, కాబట్టి నా ముప్పు దానివల్ల పెద్దగా పెరగదన్నారు. అమ్మకో అక్కకో చిన్న వయసులో వచ్చి ఉంటే జన్యు పరీక్ష దాకా ఆలోచించేవారట. ఈ వయసులో ఒళ్లు పెరగడం, మద్యం కూడా రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతాయని, మాత్ర గురించి అడిగినవాళ్లు వాటి గురించి అడగరని అన్నారు. ముందు మామోగ్రామ్ చేయించారు, బాగుంది.

రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రల కన్నా తక్కువని ఈస్ట్రోజెన్ ప్యాచ్ రాశారు. దానికి తోడు రాత్రిపూట మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్, అంటే ఒంట్లో తయారయ్యే ప్రొజెస్టిరాన్ లాంటిదే. ఫ్రాన్స్‌లో జరిగిన ఇ3ఎన్ అనే పెద్ద అధ్యయనంలో, పాత రకం ప్రొజెస్టిన్లతో పోలిస్తే దీనితో రొమ్ము క్యాన్సర్ ముప్పు తక్కువగా కనిపించిందట. అయితే ఏళ్ల తరబడి వాడితే ఆ భరోసా ఉండదని కూడా ఆవిడే చెప్పారు. మూడు నెలలయ్యాక ఒకసారి చూస్తారు, తర్వాత ఏటా ఇంకా అవసరమా అని మాట్లాడుకోవాలి. అక్కను కూడా వెంట తీసుకెళ్లాను. తను ఇంకా ఒప్పుకోలేదు కానీ ఆ చీటీతో మందుల దుకాణానికి నాతోనే వచ్చింది.

ప్రొజెస్టిరాన్ వేసుకుంటే తల తిరిగినట్టు, మత్తుగా ఉంటోంది. అందరికీ అంతేనా?

సరోజ:
చాలామందికి అంతే, రాత్రి వేసుకోమనేది అందుకే. వేసుకున్నాక ఇంకా పనులు పెట్టుకోకుండా పడుకోండి. మొదటి కొన్ని నెలల్లో కొద్దిగా రక్తస్రావం కనిపించవచ్చు, తేదీ రాసిపెట్టుకోండి. అది ఎక్కువైనా, ఆరు నెలలు దాటినా తగ్గకపోయినా, ఆగిపోయి మళ్లీ మొదలైనా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే చూపించుకోండి.