మూసి ఉంచిన ఇంట్లో నీళ్లు గడ్డకట్టి పైపు పగిలింది: చీలిన ముక్క మారిస్తే సరిపోతుందా?

కొండఇల్లు:

సెలవుల్లో మాత్రమే వాడే రెండంతస్తుల ఇల్లు. చలికాలం నాలుగు నెలలూ మూసే ఉంది. మెయిన్ వాల్వు కట్టేసి ఉంది కానీ పైపుల్లో నీళ్లు వదిలేయలేదు. ఇప్పుడు చూస్తే వంటింటి సింకు కింద, బయటి గోడను ఆనుకుని వెళ్లే అర అంగుళం రాగి పైపు నిలువునా చీలింది. చీలిక 4 సెం.మీ. ఉంటుంది. ఆ చోట పైపు ఉబ్బి, చేప నోరులా తెరుచుకుంది. లోపల మంచు గడ్డ ఇంకా కనిపిస్తోంది. ఇది చన్నీళ్ల లైను.

పై అంతస్తు బాత్రూముకు వెళ్లేది సీపీవీసీ ప్లాస్టిక్ పైపు. 150 లీటర్ల కరెంటు హీటరు ట్యాంకు నిండుగా ఉంది.

అడగాలనుకున్నవి: గడ్డను గ్యాస్ టార్చితో కరిగించవచ్చా? చీలిక మీద ఒక కప్లింగ్ (రెండు పైపులను కలిపే తొడుగు) వేస్తే సరిపోతుందా, ముక్క మార్చాలా? ఇంకెక్కడా పగల్లేదని నీళ్లు వదలకముందే తెలుసుకునే దారి ఉందా?

నీటిదారి:

ముందు హీటరు బ్రేకరు దించండి. మిగతావన్నీ దాని తర్వాతే. లైను ఖాళీ అయ్యేటప్పుడు ట్యాంకులో నీటిమట్టం ఎలిమెంటు కిందికి దిగితే, కరెంటు ఉన్న ఎలిమెంటు కొన్ని క్షణాల్లోనే కాలిపోతుంది. హీటరుకు చన్నీళ్లు వెళ్లే వాల్వు కూడా కట్టేయండి. మీ చీలిక ట్యాంకు కంటే కింద ఉంటే, గడ్డ కరగగానే ట్యాంకులోని నీళ్లు సైఫన్‌లా వెనక్కి వచ్చి అక్కడే పారతాయి. అర అంగుళం రాగి పైపులో మీటరుకు 150 మి.లీ. నీళ్లే పడతాయి, 20 మీటర్ల లైనైనా మూడు లీటర్లు దాటదు. గది తడిపేది పైపులో నీళ్లు కాదండీ, ఆ ట్యాంకు.

టార్చి వద్దే వద్దు. గోడ వెనక ఉన్న చెక్క, ఫోము ఎప్పుడు రాజుకున్నాయో బయటికి తెలియదు. దగ్గర్లో టంకం వేసిన అతుకులుంటే కరిగిపోతాయి. రెండు గడ్డల మధ్య నీళ్లు ఆవిరైతే పైపు మళ్లీ పగులుతుంది. హెయిర్ డ్రయ్యరు, లేదా వేడినీళ్లలో పిండిన గుడ్డలు చాలు. ఆ లైను మీది కుళాయి పూర్తిగా తిప్పి ఉంచి, కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి గడ్డ వైపు జరగండి. అప్పుడు కరిగిన నీటికి బయటికి దారి ఉంటుంది. నేల తడిగా ఉంటే ఆ గది కరెంటు కట్టేసి, డ్రయ్యరు తీగ పొడి గది నుంచి తెచ్చుకోండి.

ఇక అసలు విషయం. నీరు మంచయితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. కానీ పైపు పగిలేది చాలాసార్లు గడ్డ కట్టిన చోట కాదు. గడ్డ పైపు పొడవునా పెరుగుతూ, తనకూ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కిన నీటిని నెడుతుంది. నీళ్లు అణగవు, పోయే దారీ లేదు. మామూలుగా 3, 4 బార్లు ఉండే ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు పెరిగి, ఆ మధ్య భాగంలో ఏది బలహీనమో అది పోతుంది. అది పైపే కానక్కర్లేదు: కుళాయి లోపల నీళ్లు ఆపే కార్ట్రిడ్జి, వాషింగ్ మెషిన్ ఇన్‌లెట్ వాల్వు, ఫ్లష్ ట్యాంకు కిందున్న ప్లాస్టిక్ నట్టు, ఏదైనా కావచ్చు. మెయిన్ కట్టేసినంత మాత్రాన పైపుకు రక్షణ లేదు. నిజానికి రెండు వైపులా దారి మూసినట్టే. పగిలాక వరద రాకుండా మాత్రం మెయినే కాపాడింది.

కాబట్టి సింకు కింద కనిపించింది ఒకటే అని అనుకోకండి. ఇంట్లో బాగా చల్లబడే చోటు నుంచి మూసిన ప్రతి కుళాయి దాకా చేత్తో తడుముతూ వెళ్లండి. కంటికి కనపడని ఉబ్బు వేలికి తగులుతుంది.

టంకంపని:

రాగి ముక్క గురించి చెప్తాను. చీలిక మీద ఒక్క కప్లింగ్ ఎక్కదు, ఎక్కినా నిలవదు. గడ్డ పైపును చీల్చే ముందు ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బు చీలిక చివర దాటి ఇంకా కొంత దూరం ఉంటుంది, చూపుకు ఆనదు. చీలిక రెండు చివరల నుంచీ కనీసం 3 సెం.మీ. అవతల కోయండి. కోశాక కొత్త కప్లింగ్ తొడిగి చూడండి. తేలిగ్గా జారి చుట్టూ సమంగా కూర్చుంటే సరే. బిగిసినా, ఒకవైపు సందు కనిపించినా ఇంకో 2 సెం.మీ. వెనక్కి వెళ్లండి. సుత్తితో కొట్టి గుండ్రం చేసుకుందామని చూడకండి, అక్కడే కారుతుంది.

పైపు రెండు వైపులా గోడకు బిగించి ఉంటుంది కాబట్టి మామూలు కప్లింగ్ పనికిరాదు. దాని నడుమ లోపలికి చిన్న నొక్కు ఉంటుంది, పైపు అక్కడే ఆగిపోతుంది. ఆ నొక్కు లేని స్లిప్ కప్లింగులు రెండు తీసుకోండి. పాత పైపు రెండు మొదళ్ల మీదికీ వాటిని పూర్తిగా జరిపి, సందు కంటే 2, 3 మి.మీ. పొట్టిగా కోసిన కొత్త ముక్కను మధ్యలో పెట్టి, కప్లింగులను వెనక్కి జరపాలి. కప్లింగ్ పొడవులో సగాన్ని ముందే పాత పైపు మీద మార్కరుతో గీసుకోండి. లేకపోతే అతుకు కప్లింగ్ నడుమకు వచ్చిందో లేదో తెలియదు. ఒకవైపు 5 మి.మీ. మాత్రమే దూరిన అతుకు ఇవాళ పట్టినా రేపు ఊడుతుంది.

టంకం వేస్తే: ఎమరీతో పైపు బయట, బ్రష్‌తో కప్లింగ్ లోపల మెరిసేదాకా రుద్దండి, ఫ్లక్స్ (టంకం పట్టేలా రాసే లేపనం) పల్చగా రాయండి. మంట కప్లింగ్ మీద పెట్టాలి, టంకం తీగను మంటకు అవతలి వైపు ఆనించాలి. అతుకు వేడెక్కితే టంకం దానంతటదే లోపలికి లాక్కుంటుంది. అర అంగుళం అతుక్కి 15 నుంచి 20 మి.మీ. తీగ చాలు. తాగునీటి లైను కాబట్టి సీసం లేని టంకమే వాడాలి.

ఇలాంటి రిపేరులో టంకం పట్టకపోవడానికి దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం: పైపులో ఇంకా నీళ్లు ఊరుతుంటాయి. సీసం లేని టంకం కరగడానికి సుమారు 220 డిగ్రీల పైన వేడి కావాలి. లోపల ఒక చెమ్చా నీళ్లున్నా, అవి ఆవిరయ్యేదాకా ఆ చోటు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మీరు మంట పెంచుతూ పోతారు, ఫ్లక్స్ మాడి నల్లబడుతుంది, టంకం ముత్యాల్లా ఉండకట్టి కింద పడుతుంది. ఆ నల్ల ముత్యాలు కనిపించాయంటే మంట ఆపి నీటి సంగతి చూడండి. చుక్కచుక్కగా వస్తుంటే అంచులు తీసేసిన తెల్ల బ్రెడ్డు ముద్దను పైపులోకి నెట్టడం పాత చిట్కా. ఓ పది నిమిషాలు ఆపుతుంది, తర్వాత నీటిలో కరిగి పోతుంది. కుళాయి మూతికుండే జాలీ తీసేసి వదలాలి, లేకపోతే అక్కడ చిక్కుకుంటుంది.

సింకు వెనక చెక్క ఉంటే, నెడితే పట్టుకునే పుష్-ఫిట్ స్లిప్ కప్లింగ్ మేలు, మంట అక్కర్లేదు. కొన్ని రకాలు 5 సెం.మీ. దాకా సందును ఒక్కటే కలుపుతాయి, మీకు కోత అంతకంటే పెద్దదే అవుతుంది కాబట్టి రెండు కప్లింగులు, మధ్యలో ముక్క తప్పవు. కోసిన అంచు నిలువుగా, నున్నగా ఉండాలి. చిన్న గరుకు అంచు లోపలి రబ్బరు రింగును గీరేస్తుంది. ఆ గీత నుంచి కారేది మొదటి రోజు కనిపించదు, కొన్నాళ్లకు అల్మరా కింద తడి తేలుతుంది. ఎంత లోతుకు దూరాలో కప్లింగ్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది. పైపు మీద అంత గీసుకుని గీత దాకా నెట్టండి.

ఇంకొకటి. కొనేముందు పైపు బయటి వ్యాసం కొలవండి. అర అంగుళం రాగి పైపు బయటి కొలత 15.9 మి.మీ. మెట్రిక్ పైపు 15 మి.మీ. చేతిలో రెండూ ఒకటే అనిపిస్తాయి, ఒకదాని ఫిట్టింగు ఇంకోదానికి పట్టదు.

ముక్క వేశాక నీళ్లు వదలకుండా గాలితో పరీక్షించండి. కుళాయిలన్నీ కట్టి, కంప్రెసరుతో 3 బార్లు ఎక్కించి గేజీ చూడండి. సబ్బు నురుగు రాస్తే బుడగలొచ్చిన చోట దొరికిపోతుంది.

సీపీవీసీ_లైను:

పైన చెప్పిన గాలి పరీక్ష రాగికి సరే. సీపీవీసీ కలిసిన లైనుకు మాత్రం చేయకండి. ఒత్తిడిలో ఉన్న గాలి స్ప్రింగులాంటిది. నెర్రె ఉన్న ప్లాస్టిక్ పైపు విరిగితే ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి. పైపు తయారుచేసేవాళ్లే గాలితో పరీక్షించవద్దని చెప్తారు. పై అంతస్తు లైనుకు వాల్వు ఉంటే అది కట్టి రాగి భాగాన్ని గాలితో, సీపీవీసీని నీళ్లతో చూడండి. వాల్వు లేకపోతే మొత్తం నీళ్లతోనే.

సీపీవీసీ రాగిలా ఉబ్బదు, పెళుసుగా పగులుతుంది. పగులు వెంట్రుకలా చాలా దూరం పాకి ఉంటుంది. కనిపించే నెర్రె చివర నుంచి కనీసం 5 సెం.మీ. అవతల కోయాలి. చల్లగా ఉన్నప్పుడు కత్తెర కట్టరుతో నొక్కితే కోసిన చోటే కొత్త నెర్రె పుడుతుంది. గది వెచ్చబెట్టి, సన్న పళ్ల రంపంతో కోయండి. సీపీవీసీకని రాసి ఉన్న సిమెంటే వాడాలి, పీవీసీ గమ్ము కాదు. పావు తిప్పు తిప్పి దూర్చి, అర నిమిషం కదలకుండా పట్టుకోండి. వెంటనే వదిలేస్తే పైపు కొద్దిగా వెనక్కి వస్తుంది. ఎంతసేపు ఆరాలో డబ్బా మీద ఉంటుంది, చలికి ఆ సమయం బాగా పెరుగుతుంది. ఒక రోజంతా ఆగి నీళ్లు వదిలితే నిశ్చింత.

కొండఇల్లు:

రాగి ముక్క పుష్-ఫిట్‌తో వేశాను. రాగి లైను గాలిలో 3 బార్ల దగ్గర గంటసేపు కదలకుండా నిలిచింది. సీపీవీసీలో ఒక ఎల్బో దగ్గర నెర్రె దొరికింది, అదీ మార్చి ఒక రోజు ఆగాను. ఇప్పుడు నీళ్లు వదిలితే అన్నీ పొడిగానే ఉన్నాయి. మీటరు కూడా కదలడం లేదు. కానీ తోట కుళాయి తిప్పినప్పుడు మాత్రం వంటింటి గోడ అడుగున తడి వస్తోంది. కట్టేస్తే ఆగిపోతోంది. పైపు పగిలితే ఎప్పుడూ కారాలి కదా?

నీటిదారి:

ఆ కుళాయి గడ్డకట్టని రకం అయి ఉంటుంది. పిడి బయట ఉన్నా నీళ్లు ఆపే వాషరు 20, 30 సెం.మీ. లోపల, గోడకు వెచ్చని వైపు ఉంటుంది. కట్టేశాక బయటి గొట్టంలో నీళ్లు జారిపోవాలి. దానికి రబ్బరు పైపు తగిలించి వదిలేస్తే జారవు, అక్కడే గడ్డకట్టి, వాషరుకు ఇవతల గొట్టం చీలుతుంది. కట్టినప్పుడు ఆ చీలిక దాకా నీళ్లే రావు. అందుకే గాలి పరీక్షా, మీటరూ రెండూ దాన్ని పట్టుకోలేదు. అతుకు వేయకుండా కుళాయి మొత్తం అదే పొడవుది మార్చండి. బయటికి కొద్దిగా వాలుగా బిగించాలి.

తడిసిన చోట గోడ పలక విప్పి చూడండి. లోపల గ్లాస్ వుల్ తడిస్తే తీసి పారేయడమే, అక్కడే ఉంచితే ఆరదు. ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది.

సీపీవీసీ_లైను:

ఈసారి మూసేముందు చేయాల్సింది ఖాళీ చేయడమే. ఫోము తొడుగు వేడిని పుట్టించదు, చల్లబడడాన్ని కొన్ని గంటలు ఆలస్యం చేస్తుందంతే. వేడి లేని ఇంట్లో వారాల తరబడి చలికి అది నిలవదు. హీటింగ్ కేబుల్ కరెంటు పోయిన రాత్రే పనిచేయదు.

బ్రేకరు దించి, మెయిన్ కట్టి, అన్నిటికన్నా ఎత్తున్న కుళాయి, అన్నిటికన్నా కిందున్న డ్రెయిన్ రెండూ తెరవండి. పైన గాలి చొరబడకపోతే కింద నీళ్లు దిగవు. హీటరు ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ కుళాయికి పైపు తగిలించి నీళ్లు పూర్తిగా వదిలేయండి, ఒక వేడినీళ్ల కుళాయి తెరిచే ఉండాలి. క్లాంపు వదులై పైపు కిందికి జారిన చోట నీళ్లు నిలిచిపోతాయి, మూడు నాలుగు సెంటీమీటర్ల జారుడు చాలు. అందుకే చివర్లో ఒక్కో కుళాయీ తెరిచి ఉంచి, కంప్రెసరు గాలి 2, 3 బార్లకు మించకుండా ఊదండి. చివర మూయలేదు కాబట్టి ఇది ఒత్తిడి పరీక్ష కాదు, సీపీవీసీకి ప్రమాదం లేదు. నీళ్లు ఆగి, తుంపర కూడా ఆగేదాకా ఊదాలి. షవరు, దాని చేతి పైపు, వాషింగ్ మెషిన్ వాల్వు మర్చిపోయేవి ఇవే.

సింకు ట్రాపులో (కింద ఉండే వంపు గొట్టం), కమోడ్‌లో నీళ్లు గాలికి పోవు. కమోడ్ నీళ్లు తోడేసి ప్రొపిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజు పోయండి: ఒక్కో ట్రాపుకు అర లీటరు, కమోడ్‌కు లీటరు. కారులో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని ఇంట్లో వాడకూడదు. దుకాణంలో దొరికే రెడీమేడ్‌ను నీళ్లు కలిపి పలచన చేయకండి. సీపీవీసీ పైపుల్లోకి మాత్రం గ్లైకాల్ ఎక్కించవద్దు, ఆ ప్లాస్టిక్‌ను అది లోపలి నుంచి పగుళ్లు వచ్చేలా చేస్తుంది. ఆ లైను గాలితో ఖాళీ చేయాల్సిందే.

మోటారు, ప్రెషర్ ట్యాంకు ఉన్నవాళ్లు ప్రెషర్ స్విచ్ కింది పావు అంగుళం నిప్పుల్ (పొట్టి గొట్టం) విప్పి నీళ్లు వంచేయాలి. గడ్డకడితే స్విచ్‌కు ఒత్తిడి అందక మోటారు ఆగకుండా తిరుగుతుంది.

ఒక మందపాటి కాగితం మీద 'ట్యాంకు ఖాళీ, నీళ్లు నింపాకే వేయాలి' అని రాసి హీటరు బ్రేకరు మీద అంటించండి. వచ్చే ఏడాది తలుపు తీసేది మీరే కానక్కర్లేదు.