చీట్ అమ్మేవాడి మీద కేసు వేస్తే ఆట బాగుపడుతుందా?

ఆఖరి సర్కిల్:
నిన్న రాత్రి పదకొండున్నరకి ఆన్‌లైన్ తుపాకుల ఆటలో మా స్క్వాడ్ ఆఖరి సర్కిల్ దాకా వచ్చింది. నేను గోడ వెనక పడుకుని ఉన్నా. కదల్లేదు, ఒక్క తూటా పేల్చలేదు. ఎదురు కొండ మీద నుంచి ఒకడు స్కోప్ కూడా తెరవకుండా మా ముగ్గుర్నీ తలలో కొట్టాడు. చచ్చాక వాడి ఆట చూస్తే, వాడి గురి గోడవతల ఉన్న మావాడి తలకే అతుక్కుని ఉంది. మావాడు జరిగితే అదీ జరుగుతోంది. రిపోర్ట్ కొట్టాం. ఐడీ పోతే ఇంకో ఐడీతో దిగుతాడు. ఇలా గోడవతలివాణ్ని చూపించి, గురి అతికించే సాఫ్ట్‌వేర్‌నే చీట్ అంటారు. వారానికి మూడొందలిస్తే దాన్ని తెరిచే ‘కీ’ ఇస్తామని గ్రూపుల్లో బాహాటంగా అమ్ముతున్నారు మరి. నేననేది, తయారుచేసేవాణ్ని కోర్టుకి లాగాలి. కాల్ ఆఫ్ డ్యూటీ తీసే యాక్టివిజన్ 2024లో ఇంజిన్‌ఓనింగ్ అనే చీట్ సంస్థ మీద కోటీ 44 లక్షల డాలర్ల తీర్పు తెచ్చుకుంది. మీరేమంటారు?

వైస్ సిటీ బ్యాచ్:
చీట్ అనగానే కోర్టేంటి తమ్ముడూ? మా రోజుల్లో నెట్ సెంటర్‌లో గంటకి పదిహేను రూపాయలిచ్చి వైస్ సిటీ ఆడేవాళ్ళం. లాంగ్ నోట్‌బుక్ ఆఖరి పేజీ నిండా చీట్ కోడ్‌లే. పాంజర్ అని కొడితే నడిరోడ్డు మీద ట్యాంకు ఊడిపడేది. ఎవడి ఆట చెడింది? కంపెనీలకి కేసులంటే మహా సరదా. అదనపు ప్రాణాలిచ్చే గేమ్ జీనీ అనే పరికరం మీద నింటెండో కూడా కోర్టుకెక్కింది. 1992లో అప్పీల్లోనూ ఓడింది. కేసు నడిచినన్నాళ్ళూ అమ్మకం ఆపించినందుకు దాన్ని అమ్మే గలూబ్ కంపెనీకి కోటిన్నర డాలర్లు ఎదురు కట్టుకుంది.

ఆఖరి సర్కిల్:
అన్నా, నువ్వు ట్యాంకు దించింది నీ కంప్యూటర్లో. అదీ ఆట చేసినవాళ్ళు పెట్టిన కోడే. వీడు దించుతున్నది నా నెత్తిమీద. రెండూ ఒకటెలా అవుతాయి?

నల్లకోటు:
ఇద్దరూ సగం సగం రైటే. చిక్కేమిటంటే ‘మా ఆట చెడగొట్టాడు’ అన్న మాటకి చట్టంలో నేరుగా చోటు లేదు. అందుకే కంపెనీలు కాపీరైట్ పట్టుకుని వెళ్తాయి, అది ప్రతిసారీ అతకదు. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానంలో సోనీకి జరిగింది అదే. మోటార్‌స్టార్మ్ అని, చేతిలో పట్టుకుని ఆడే సోనీ యంత్రం పీఎస్‌పీలో కార్ల ఆట ఉండేది. అందులో వేగం పెంచే టర్బో కాసేపే పనిచేస్తుంది. డాటెల్ అనే కంపెనీ అమ్మిన సాఫ్ట్‌వేర్ పెడితే ఆ అడ్డు పోతుంది. అది ఆట కోడ్‌ని ముట్టుకోదు, ఆట నడుస్తుండగా మెమరీలో ఉన్న అంకెల్ని మాత్రం మారుస్తుంది. కోడ్ చెక్కుచెదరనప్పుడు కాపీరైట్ ఉల్లంఘన లేదని 2024 అక్టోబరులో చెప్పేశారు.

అమెరికాలో వేరే దారి ఉంది. అక్కడి డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టం సాఫ్ట్‌వేర్‌కి వేసిన తాళం పగలగొట్టినవాణ్నే కాదు, మారుతాళంచెవి చేసి అమ్మినవాణ్ని కూడా పట్టుకుంటుంది. మీరు చెప్పిన యాక్టివిజన్ తీర్పు దాని కిందే వచ్చింది. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ చదవండి. రెండేళ్ళ దాకా జైలు ఉంది కానీ, కాపీరైట్‌ని ఉల్లంఘించే ఉద్దేశంతోనే తాళం తీశాడని చూపాలి. గోడ అవతల ఉన్నవాణ్ని చూడాలనుకున్నవాడికి ఆట కాపీ కొట్టే ఉద్దేశం ఉందని ఏ జడ్జిగారి ముందు వాదిస్తాం?

పింగ్ 180:
తీర్పు తెచ్చుకున్నారు సరే, డబ్బు వచ్చిందా? ఇంజిన్‌ఓనింగ్ వాళ్ళు కోర్టు మొహమే చూడలేదు. 72,328 డౌన్‌లోడ్‌లకి తలా 200 డాలర్లు వేసి లెక్క కట్టారంతే. అదే డెస్టినీ 2 చేసిన బంగీ కేసు చూడండి. చీట్ అమ్మే ఎయిమ్‌జంకీస్ వాళ్ళు సియాటిల్ కోర్టుకొచ్చి వాదించారు. 2024 మేలో జ్యూరీ వేసింది 63,210 డాలర్లు. రానివాడికి కోట్లు, వచ్చినవాడికి వేలు!

నల్లకోటు:
సగమే చెప్పారు. అదే ఎయిమ్‌జంకీస్ మీద అంతకుముందు ఏడాది ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గర, 40 లక్షల డాలర్ల పైచిలుకు పడింది. అది కూడా వచ్చి వాదించినవాళ్ళ మీదే.

తొమ్మిదో తరగతి అమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు ఈ ఆటలు రావు, మావాడి ధ్యాసంతా వీటి మీదే. కేసు వేస్తే పట్టుబడేది ఎవరు, పిల్లలేగా? 2017లో ఫోర్ట్‌నైట్ వాళ్ళు పద్నాలుగేళ్ళ అబ్బాయి మీద కేసు వేస్తే, వాళ్ళమ్మే కోర్టుకి ఉత్తరం రాసింది. మైనర్‌తో చేసుకున్న ఒప్పందం ఎలా చెల్లుతుందని అడిగింది. చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆఖరి సర్కిల్:
అక్కా, ఆ అబ్బాయి చీట్ చూపిస్తూ యూట్యూబ్‌లో వీడియో పెట్టాడు. తీయిస్తే అభ్యంతరం పెట్టాడు, అందుకే వేయాల్సి వచ్చిందని కంపెనీ చెప్పుకుంది. అయినా మీరన్నదే న్యాయం, పిల్లల మీద వద్దు. చైనాలో కున్‌షాన్ పోలీసులు 2021లో గేమ్ కంపెనీ టెన్సెంట్‌తో కలిసి ‘చికెన్ డ్రమ్‌స్టిక్’ అనే ముఠాని పట్టుకున్నారు. పదిమంది అరెస్టు, ఇంటి నిండా ఖరీదైన కార్లు, ఏడు కోట్ల డాలర్ల పైన వ్యాపారం. నేను అడిగేది అలాంటివాళ్ళ గురించి.

పింగ్ 180:
అది పోలీసు కేసు బ్రో, కంపెనీ దావా కాదు. కొరియా కూడా 2016లో చట్టమే మార్చి చీట్ తయారీని నేరం చేసింది. కంపెనీకే కత్తి ఇస్తే రేపు ఆటలోని లోపం బయటపెట్టినవాడి మీదా, మాడ్ (ఆటకి సొంతంగా మార్పులు) చేసినవాడి మీదా దూస్తుంది. ముందు వాళ్ళ సర్వర్ సరిచేసుకోమనండి. గోడ వెనకున్నవాడు ఎక్కడున్నాడో నా ఫోన్‌కి పంపకపోతే చీట్ ఏం చూపిస్తుంది?

ఆఖరి సర్కిల్:
అన్నీ సర్వర్లో దాస్తే నీ నెమ్మది నెట్‌కి, ఆ 180 పింగ్‌కి, శత్రువు మూల తిరిగాక కనిపిస్తాడు, అప్పుడూ తిట్టేది కంపెనీనే. కేసులు వద్దంటే ఏం వస్తోందో చూడు. 2020లో వాలరంట్ ఆటతో వచ్చిన వాన్‌గార్డ్ అనే చీట్‌లు పట్టే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ ఆన్ చేయగానే కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ నడిబొడ్డున కూర్చుంటుంది, ఆట తెరవకపోయినా సరే. దొంగని పట్టుకోలేక ఊరందరి ఇళ్ళలో కాపలా పెట్టినట్టు లేదూ? నాకైతే దానికన్నా కేసే నయం.

ఇంకోటి. 2018లో షాంఘై కౌంటర్‌స్ట్రైక్ టోర్నీలో ఆప్టిక్ ఇండియా ఆటగాడొకడు దొరికిపోయాడు గుర్తుందా? చీట్ ఫైలుకి వర్డ్.ఈఎక్స్‌ఈ అని పేరు పెట్టుకున్నాడు. వాడికి ఐదేళ్ళ నిషేధం, జట్టు రద్దు. ఏ పాపం తెలియని నలుగురు రోడ్డున పడ్డారు. ఆ ఫైలు చేసినవాడి ఊసు ఎక్కడైనా విన్నామా?

వైస్ సిటీ బ్యాచ్:
వర్డ్ ఫైలు గుర్తుంది 😂 సర్లే, డబ్బు పెట్టి ఆన్‌లైన్ చీట్ అమ్మేవాడి వరకైతే నేనూ ఒప్పుకుంటా. ఒంటరిగా ఆడుకునేవాడి జోలికి రావద్దు.

నల్లకోటు:
ఆఖరి సర్కిల్ గారూ, మీ దగ్గర ఆ అమ్మకందారు ప్రకటన, యూపీఐ ఐడీ ఉంటే స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ఏ దావాకైనా అసలు మనిషి దొరకాలి, దానికి డబ్బు దారే ఆధారం.

ఆఖరి సర్కిల్:
రెండూ ఉన్నాయండీ. ఇందాకే కంపెనీకి పంపుదామని రిపోర్ట్ ఫారమ్ తెరిచా. ఆటగాడి ఐడీ అడిగింది, మ్యాచ్ టైమ్ అడిగింది. అమ్మినవాడి సంగతి రాయడానికి గడే లేదు.