ఇరాన్‌లో క్రిప్టో: జనానికి ఆధారమా, దొరలకు దొడ్డిదారా?

అలిపిరి_నాని: ఆంక్షలుండే దేశంలో జనం బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో వాడితే తప్పేముంది? 2018లో అమెరికా ఇరాన్ అణు ఒప్పందంలోంచి బయటికొచ్చింది, ఆ నవంబర్‌లో దేశాల మధ్య బ్యాంకులు డబ్బు పంపే సందేశాలు నడిపే స్విఫ్ట్‌లోంచి ఇరాన్ బ్యాంకుల్ని తీసేసినారు. బయట చదువుకునే పిల్లోడికి ఫీజు పంపాలన్నా దారి లేదు, వాళ్ళ డబ్బు రియాల్ చూస్తే పడిపోతానే ఉండాది. డాలర్ విలువతో నడిచే క్రిప్టో కాయిన్ యూఎస్‌డీటీ నాలుగు దాచుకుంటే నేరమా?

తోతాపురి_రైతు: జనమా? 2022 ఆగస్టులో కోటి డాలర్ల సరుక్కి క్రిప్టోలో ఆర్డర్ పెట్టినామని చెప్పుకునింది అక్కడి సర్కారు. కరెంటు మింగే కంప్యూటర్లతో కాయిన్లు పుట్టించే మైనింగ్‌ను 2019లో పరిశ్రమగా ఒప్పుకునింది గూడా వాళ్ళే. 2021 ఎండల్లో ఊర్లకు ఊర్లు కరెంటు పోతే అప్పుడు మైనింగ్‌ను నాలుగు నెలలు ఆపమన్నారు. ఫ్యాన్ తిరగంది ఎవురింట్లో?

రేణిగుంట_రవి: వెనిజులా పెట్రో కాయిన్ గుర్తుందా? 2018లో తెచ్చినారు, 2024లో మూసేసినారు 😄

అలిపిరి_నాని: అది సర్కారు కాయిన్ రవీ, దానికీ దీనికీ ముడిపెట్టొద్దు. రైతన్నా, దొరలు వాడుకుంటా ఉండారని జనం మానుకోవాల్నా?

తోతాపురి_రైతు: మానుకోమని నేననలా. వాళ్ళకు మిగిలేదేంది అంటా ఉండా. 2025 జూన్‌లో ఇరాన్ క్రిప్టో ఎక్స్‌ఛేంజ్ నోబిటెక్స్ హ్యాక్ అయింది, దాదాపు 9 కోట్ల డాలర్లు ఎవురూ తీసుకోలేని అడ్రస్‌లకు పంపేసినారు, అంటే తగలబెట్టినట్టే. నువ్వు చెప్పే యూఎస్‌డీటీ అయితే దాన్ని తెచ్చిన టెథర్ కంపెనీ తల్చుకుంటే యాడుండేది ఆడే ఆపేస్తుంది.

అలిపిరి_నాని: బ్యాంకు ఆపదా? నేను పీటూపీలో, అంటే నేరుగా ఇంకొకడికి, కాస్త యూఎస్‌డీటీ అమ్మితే, కొన్నోడి డబ్బు ఏదో మోసం కేసుదంట, నా జీతం పడే ఖాతా ఫ్రీజ్ చేసినారు. బ్రాంచ్‌కి పోతే సైబర్ పోలీసుల్ని అడగమంటారు, వాళ్ళేమో వేరే రాష్ట్రంలో. ఇంటి అద్దె అప్పు చేసి కట్టినా.

కాళహస్తి_కుమార్: 1 శాతం టీడీఎస్ పట్టినారా దాంట్లో?

అలిపిరి_నాని: ఇప్పుడదా ప్రశ్న సామీ?

కాళహస్తి_కుమార్: 2022 జులై నుంచి రూలది. లాభం మీద 30 శాతం పన్ను వేరే.

గుజ్జు_సుబ్బు: నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తా. తిండి సరుకు మీద అమెరికా ఆంక్షలు లేవప్పా, అయినా ఇరాన్ పేరు కనబడితే చాలు బ్యాంకులు భయపడతాయి. ముందు ఇరాన్ వ్యాపారం యూకో బ్యాంకులో రూపాయల్లో నడిచేది, మనం వాళ్ళ ఆయిల్‌కి కట్టే రూపాయల్లోంచే మన సరుక్కి డబ్బులొచ్చేవి. 2019 మేలో మన దేశం వాళ్ళ ఆయిల్ కొనేది ఆపినాక ఆ రూపాయలూ అడుగంటినాయి. దుబాయ్ పార్టీ ద్వారా వచ్చిన మా పేమెంట్‌ను కాగితాలు చాల్లేదని తిప్పి పంపినారు. అదే యూఎస్‌డీటీ అయితే అర్ధగంట పని.

తోతాపురి_రైతు: ఓహో, మా డబ్బు రానిది అందుకా? 2025లో తోతాపురి మామిడి కిలోకి 12 రూపాయలన్నారు, సర్కారు 4, ఫ్యాక్టరీ 8. ఆ 8 కోసం మీ గేటు కాడ ఎంతమంది నిలబడినామో చూసినావా? రాత్రంతా ట్రాక్టర్ క్యూలో పెట్టుకోని కాయలు కిందనించి నీరుకారతా ఉంటే తోలింది మేము.

గుజ్జు_సుబ్బు: నామీద ఎగిరితే ఏం లాభమన్నా, నేను జీతగాణ్ణి.

అలిపిరి_నాని: ఇరాన్ మాట వదిలేసి యాడికో పోతాండావు రైతన్నా.

తోతాపురి_రైతు: యాడికీ పోలా, ఇదే అసలు మాట. బ్యాంకులో పడితే పడిందని రేపు ఆఫీసర్ని పెట్టి అడగొచ్చు. ఓనర్ ఫోన్లో పడిన దాన్ని నేను యాడ చూసేది? ఇరాన్ రైతుకైనా అంతే. మీ ఇద్దరికీ బ్యాంకే శత్రువు, నాకు కనబడని డబ్బంటే భయం.

అలిపిరి_నాని: కనబడే డబ్బునే కదన్నా నాకు ఆపింది!

తోతాపురి_రైతు: నీకు ఆపినారు, నాకు అసలు రాలా. సుబ్బూ, బకాయి ఏ తేదీకి వేస్తారో మీ ఓనర్ని అడిగి ఇక్కడే రాయి.

గుజ్జు_సుబ్బు: ఇక్కడ రాస్తే నా ఉద్యోగం పోతుందన్నా. ఫోన్ చేస్తా.