స్పెయిన్ పల్లెల్లో కార్లు లేని దారిలో సైకిల్ టూర్: ఎటు వెళ్తే బాగుంటుంది?

నైన్‌స్పీడ్_నాని

అందరికీ నమస్కారం. మేముండేది నెదర్లాండ్స్‌లో, ఇక్కడ సైకిల్ తొక్కడం అంటే ఒళ్లు అలవకుండా అయిపోయే పని, ఎత్తు అనేదే ఉండదు కాబట్టి మమ్మల్ని పెద్ద రైడర్లు అనుకోకండి. మే నెలలో వారం, పది రోజులు సెలవు దొరికేలా ఉంది. స్పెయిన్ లోపలి పల్లెల్లో తిరగాలని ఉంది. బీచ్ వద్దు, బార్సిలోనా వద్దు. మా ఆవిడ పెట్టిన కండిషన్ ఒక్కటే, వెనక నుంచి లారీ చప్పుడు వినపడకూడదట. కామినో దే సాంతియాగో (యాత్రికులు నడిచివెళ్లే పాత దారి) వెళ్లమని ఇక్కడి ఫ్రెండ్స్ అంటున్నారు గానీ అందులో నడిచేవాళ్ల మధ్య గంట కొట్టుకుంటూ పోవాలి కదా, అది మాకు నచ్చలేదు. మావి మామూలు ట్రెక్కింగ్ సైకిళ్లు, సస్పెన్షన్ లేదు. టెంట్ మోయం, రాత్రికి మంచం కావాలి. తను శాకాహారి. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, యూట్యూబ్ చూసి చెప్పేవాళ్లు కాస్త ఆగండి ప్లీజ్ 🙂

సీమగాలి

నాని గారూ, మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే నాకు ఒకటే తడుతోంది, ఓహోస్ నేగ్రోస్ వియా వెర్దే. వియా వెర్దేలు అంటే మూతబడిన రైలు లైన్ల మీద పట్టాలు పీకేసి నడకకూ సైకిళ్లకూ వదిలిన దారులు. 1993లో మొదలుపెట్టారు, ఇప్పుడు దేశమంతా కలిపి 3,000 కి.మీ. దాటాయి. వాటిలో చాలా పొడవైనది ఇదే, తెరుయెల్ వైపు కొండల నుంచి సముద్రం దగ్గరి దాకా దాదాపు 160 కి.మీ.

దీని కథ తెలిస్తే దారి ఎందుకంత సుఖంగా ఉంటుందో అర్థమవుతుంది. ఓహోస్ నేగ్రోస్ గనుల్లో ఇనుప ఖనిజం, దాన్ని సగుంతో రేవుకు చేర్చాలి. అప్పటికే ఆ దారిలో ఒక రైలు కంపెనీ లైన్ ఉంది, కానీ ఛార్జీల దగ్గర బేరం కుదరక గనుల వాళ్లు దాని పక్కనే 204 కి.మీ. సొంత లైన్ వేసేసుకున్నారు! 1907 నుంచి 1972 దాకా నడిచింది. ఆవిరి ఇంజన్ ఖనిజం లాక్కుంటూ పోవాలి కాబట్టి ఎక్కడా నిలువు ఎత్తు లేకుండా కొండను చుట్టి చుట్టి తీసుకెళ్లారు, ఆ వాటం ఇప్పుడు మన మోకాళ్లకు కలిసొస్తుంది.

తెరుయెల్‌లో మొదలుపెట్టండి, సముద్రం వైపు నుంచి మాత్రం వద్దు. ఊరే 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి నుంచి ఎస్కందోన్ కనుమ దాకా ఎక్కుడు, 1,200 మీటర్లు దాటుతుంది, కానీ రైలు వాలు కదా, చిన్న గేర్‌లో మాట్లాడుకుంటూ ఎక్కేయొచ్చు. తర్వాత సర్రియోన్ (నల్ల ట్రఫుల్స్‌కు, అంటే నేల లోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగులకు పేరున్న ఊరు), బర్రాకాస్. బర్రాకాస్ దగ్గర మైదానం మీద గాలిమరలు వరసగా ఉంటాయి, ఊరికే పెట్టరు కదా, ఎదురుగాలి ఉన్న రోజున ఆ ముక్క దిగుడులో కూడా పెడల్ కొట్టిస్తుంది. అది దాటితే ఇక కిందికే. పైన్ చెట్లు పోయి బాదం తోటలు, ఆలివ్ తోటలు, ఇంకా కిందికి నారింజ తోటలు. సొరంగాలు, రాతి వంతెనలు దారి పొడవునా తగులుతాయి. హేరికా, నవాహస్ ఊళ్లలో ఆగండి. సెగోర్బెలో ఒక ఫౌంటెన్ ఉంది, పొడుగాటి గోడకు 50 తూములు, ఒక్కో తూము మీద ఒక్కో ప్రావిన్స్ చిహ్నం. మేం వెళ్లినప్పుడు ఒక పెద్దాయన ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చుకుని తన ప్రావిన్స్ తూము దగ్గరే పట్టుకుంటున్నాడు, పక్కది ఖాళీగా ఉన్నా సరే.

ఇంకో మాట. తెరుయెల్ ప్రావిన్స్ 14,800 చ.కి.మీ. ఉంటే జనం లక్షా ముప్పై వేల చిల్లర. మా పాత అనంతపురం జిల్లా 19,000 చ.కి.మీ., 2011 లెక్కల్లో 40 లక్షల పైన. ఎర్రమట్టి, రాళ్ల గుట్టలు, ఎండిన వాగులు అన్నీ మా ఊరి పక్కలాగే ఉంటాయి, మనిషి మాత్రం కనపడడు. (మా వైపు స్పెయిన్ పేరు ఆర్డీటీ అనే సేవాసంస్థ పుణ్యమా అని ప్రతి ఊళ్లో తెలుసు, దాన్ని పెట్టిన ఫెర్రర్ గారిది బార్సిలోనానే.)

పెడల్_పద్మ

సీమగాలి గారు బాగా చెప్పారు, కానీ నెదర్లాండ్స్ కాళ్లకు అసలు ఎక్కుడే లేనిది కావాలంటే కనాల్ దే కస్తియా చూడండి. 1753లో తవ్వడం మొదలుపెట్టి 1849లో ఆపిన కాలువ, 207 కి.మీ. కస్తియా గోధుమలు పడవల్లో ఉత్తరానికి పంపడానికి. తీరా పూర్తయ్యేసరికి రైలు వచ్చి దాని బేరం కాస్తా పట్టుకుపోయింది. గట్టు మీద కంచర గాడిదలు పడవల్ని లాక్కెళ్లిన బాటే ఇప్పుడు సైకిల్ దారి. ఫ్రోమిస్తా దగ్గర నాలుగు లాకులు మెట్లలా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. గోదావరి కాలువల గట్ల మీద పెరిగినదాన్ని కాబట్టి లాకు కనపడితే దిగకుండా ఉండలేను, అక్కడ గంటసేపు కూర్చున్నాం.

ఒప్పుకోవాల్సిందేమిటంటే రెండో రోజుకు కొందరికి విసుగొస్తుంది. నీళ్లు, పాప్లర్ చెట్లు, గోధుమ చేలు, మళ్లీ నీళ్లు. మా వారు "ఇంకో వంపైనా రాదా" అని గొణిగారు. నాకైతే అదే కావలసింది. వాన పడితే మాత్రం ఆ మట్టి టైరుకు పట్టుకుని మడ్‌గార్డ్‌లో ఇరుక్కుంటుంది, అప్పుడు పక్కనున్న చిన్న రోడ్డు ఎక్కేయడం నయం.

గోదారి_గేర్లు

అందరూ వియా వెర్దే అంటారని తెలుసు, నేను కొంచెం అడ్డం తిరుగుతా. కార్లు లేని దారి వేరు, నిశ్శబ్దంగా ఉండే దారి వేరు అన్నా. ఊరికి దగ్గరున్న వియా వెర్దే మీద ఆదివారం పొద్దున వెళ్లి చూడు, పిల్లల సైకిళ్లు, కుక్కలు, స్కేటింగ్ చేసేవాళ్లు, మధ్యలో కుటుంబం మొత్తం అడ్డంగా నిలబడి ఫోటో. దక్షిణాన ప్వెర్తో సెర్రానో నుంచి ఒల్వేరా దాకా వియా వెర్దే దె లా సియెర్రా అని 36 కి.మీ. ఉంది, 30 సొరంగాలు, సాఫ్రమగోన్ గుట్ట మీద రాబందుల గూళ్లు, లైన్ అంతా కట్టి ఒక్క రైలూ నడపకుండా వదిలేశారు. చాలా అందమైన దారి. కానీ 36 కి.మీ. అయిపోయాక ఏంటి? మళ్లీ రోడ్డే కదా. చాలా వియా వెర్దేలు అంతే, ముక్కలు ముక్కలు.

అందుకే నా ఓటు ఖాళీ అయిపోయిన ఊళ్ల మధ్య చిన్న తారు రోడ్లకు. తెరుయెల్, సోరియా, గ్వదలహారా కొండల్లో మ్యాప్‌లో సన్నగా పసుపు గీతలా కనపడే రోడ్ల మీద గంటకు ఒక కారు వస్తే గొప్ప. పెద్ద ఆటోవియా (ఎక్స్‌ప్రెస్ హైవే) పడ్డాక పక్కన మిగిలిపోయిన పాత జాతీయ రహదారులూ అంతే, ఎ-66 వచ్చాక చాలాచోట్ల ఎన్-630 మీద మనదే రాజ్యం, తారు నున్నగా, అంచున సైకిల్‌కు సరిపడా జాగా. పైగా అక్కడ కారువాడు సైకిల్‌ను దాటాలంటే కనీసం 1.5 మీటర్లు వదలాలని చట్టం. వదులుతారు కూడా. హైదరాబాద్ రింగ్ రోడ్డు మీద తొక్కి వచ్చిన నాకు మొదట్లో ఆ వెనక కారు ఎందుకు హారన్ కొట్టకుండా నా వెంటే మెల్లగా వస్తోందో అర్థం కాక భయమేసింది.

గట్టివాళ్లయితే తెరుయెల్‌లోనే మొదలై అక్కడికే తిరిగొచ్చే మోంతాన్యాస్ వాసియాస్ అనే రూట్ ఉంది, 700 కి.మీ.కి కాస్త అటూ ఇటూగా, అల్బర్రసీన్ మీదుగా అడవి దారులు. మీ సైకిళ్లతో మాత్రం వద్దు, రాళ్లు ఎక్కువ.

నైన్‌స్పీడ్_నాని

అందరికీ చాలా థాంక్స్, మా ఆవిడ ఓహోస్ నేగ్రోస్ అంటోంది, ఫౌంటెన్ కథ విని. గోదారి అన్నా, మీ పాయింట్ అర్థమైంది, తెరుయెల్ చుట్టూ ఆ చిన్న రోడ్ల మీద రెండు మూడు రోజులు తిరిగి తర్వాత రైలు దారి పట్టుకుంటే ఎలా ఉంటుంది? ఇంకో రెండు డౌట్లు. తిండి, రైల్లో సైకిల్.

పెడల్_పద్మ

తిండి గురించి నేను చెప్తా, మాంసం తినను కాబట్టి. బార్లో తొర్తియా దె పతాతాస్ (బంగాళాదుంప, గుడ్డు), టమాటా రాసిన రొట్టె, చీజ్, పిస్తో (కూరగాయల ఇగురు) దొరుకుతాయి. గుడ్డు తినకపోతే కష్టమే, ముందే చెప్తున్నా. "సిన్ కార్నె" అంటే మాంసం లేకుండా అని, కానీ పల్లెల్లో హమోన్‌ను (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ) మాంసం లెక్కలో వేయని వాళ్లుంటారు, సలాడ్‌లో ట్యూనా కూడా పడిపోతుంది. అందుకని "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్" అని మూడూ ఒకేసారి చెప్పేయండి. వంట చేసే ఆవిడ లోపలి నుంచి తొంగి చూసి "మరి ఏం తింటావమ్మా" అన్నట్టు మొహం పెడుతుంది, తర్వాత గుడ్లు వేయించి తెస్తుంది.

అసలు సమస్య ఏం దొరుకుతుంది అని కాదు, ఎప్పుడు దొరుకుతుంది అని. మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా కొట్లు మూసేస్తారు, ఆదివారం తెరవరు, చిన్న ఊళ్లో ఉన్న ఒక్క బారూ వారంలో ఒకరోజు సెలవు. గోదారి గేర్లు గారు చెప్పిన ఆ ఖాళీ ఊళ్లలో అసలు కొట్టే ఉండదు, సరుకుల బండి వారానికోసారి వచ్చి పోయే ఊళ్లున్నాయి. ఆ నిశ్శబ్దం కావాలంటే ఒక పూట తిండి సంచిలో ఎప్పుడూ ఉండాల్సిందే. మేం అటుకులు, వేయించిన పల్లీలు, పచ్చడి పొడి పట్టుకెళ్లాం, పెరుగులో అటుకులు కలుపుకుంటే భోజనం అయిపోయినట్టే. నీళ్లకు దిగులు లేదు, దాదాపు ప్రతి ఊళ్లో కుళాయి ఉంటుంది, "నో పొతాబ్లె" అని రాసి ఉంటే మాత్రం తాగకండి. రాత్రి భోజనం 9కి ముందు అడగడం దండగ.

సీమగాలి

నాని గారూ, మీ ప్లాన్ భేషుగ్గా ఉంది. మే అంటున్నారు కాబట్టి ఎండ సమస్య ఉండదు, కానీ తెరుయెల్ చలిని తక్కువ అంచనా వేయకండి. అదే ప్రావిన్స్‌లోని కలమోచాలో 1963 డిసెంబర్‌లో మైనస్ 30 డిగ్రీలు నమోదైంది. మేలో అంత కాదు గానీ పొద్దున్నే గ్లోవ్స్ కావాలి, అదే రోజు సాయంత్రం కిందికి దిగాక చొక్కా చేతులు మడవాలి.

రైలు: హైస్పీడ్ రైళ్లలో సైకిల్‌ను మడిచి గానీ విప్పి పెట్టెలో పెట్టి గానీ తేవాలి. వాలెన్సియా నుంచి తెరుయెల్ వెళ్లేది మామూలు రైలు, అందులో సైకిల్‌కు చోటుంటుంది గానీ కొద్ది సైకిళ్లకే, కాబట్టి టికెట్‌తో పాటే సైకిల్ కూడా బుక్ చేసుకోండి. ఆ లైన్ మీద పనులు జరిగే రోజుల్లో రైలు బదులు బస్సు వేస్తారు, అలాంటప్పుడు సైకిల్ ఎక్కనిస్తారా అని ముందే కనుక్కోండి. తిరుగు ప్రయాణం సులువు, సగుంతో నుంచి వాలెన్సియాకు లోకల్ రైళ్లు తరచూ ఉంటాయి, సైకిల్ తోసుకుంటూ ఎక్కేయడమే.

ఊరి బయట రోడ్డు మీద హెల్మెట్ తప్పనిసరి, నెదర్లాండ్స్ అలవాటులో మర్చిపోతారేమో. సొరంగాలకు ముందు లైటు పెట్టుకోండి, లోపల దీపాలుంటాయని నమ్ముకోవద్దు.

గోదారి_గేర్లు

టైర్లు 40 ఎం.ఎం. పైన వేసుకో అన్నా, కంకర మీద అదే సుఖం. ఇంకోటి, అక్కడ కూడా పల్లేరు కాయలు ఉంటాయి, సాక్షాత్తూ మన పల్లేరే. ఎండలు ముదిరాక దారి అంచుల్లో ఎక్కువ. ఫోటో కోసం సైకిల్‌ను గడ్డిలోకి తోయకు, రెండు టైర్లూ ఒకేసారి పోతాయి. ట్యూబ్‌లెస్ అయితే సీలెంట్ నింపించుకో, లేదంటే రెండు స్పేర్ ట్యూబులు, ప్యాచ్‌లు, ముల్లు పీకడానికి చిన్న పట్టకారు. మధ్యలో సైకిల్ షాపు దొరకాలంటే తెరుయెల్ దాటాక సెగోర్బె దాకా ఆశ పెట్టుకోకు.